గండిపేట కట్టయు, నగరపు దాహమును

ప్రాతఃకాలమున నల్లా త్రిప్పి, దాని క్రింద బిందె నుంచి, ఆ నీరు ఏ యేటినుండి వచ్చుచున్నదో తలపోయువారు అరుదు. నీరు వచ్చినంతకాలము ఆ ప్రశ్న పుట్టదు. రాని దినమున మాత్రము ఇంటింట అదియే మాట. హైదరాబాదు నగరమున ఒకానొక కాలమందు ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము ఉండెడిది: గండిపేట. గండిపేట నీరు త్రాగినవాడు ఈ నగరమును విడిచి పోజాలడని ఒక నానుడి కూడ పుట్టెను. ఇప్పుడా సమాధానము చాలదు. మూసీ, ఈసీ, మంజీర, కృష్ణ, గోదావరి అని అయిదు నదుల పేర్లు చెప్పవలసియున్నది. ఊరిముందరి యేటి నీటితో తృప్తిపడిన నగరమునకు అయిదు నదులు ఎట్లు కావలసివచ్చెను? ప్రతి పర్యాయమును నగరము ముందుచూపుతో పోయెనా, లేక దాహము తరుమగా పోయెనా? పెరుగుచున్న ఏ ప్రాంతమునకైనను నీటి ఏర్పాటును గూర్చి ఆలోచించువారికి ఈ చరిత్ర ఉపకరింపగలదు.

ఈ నగరమునకన్న దీని చెరువు వయసున పెద్దది. గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ సాగరము నిర్మితమయ్యెను. మహమ్మదు కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరమును నెలకొల్పినది 1591 లో. అనగా నగరము పుట్టుటకు రమారమి ముప్పది ఏండ్లకు పూర్వమే ఆ నేలమీద నీరు నిలువయుండెను. అంతకు పడమటనున్న గోలకొండ కోటకు దుర్గము చెరువునుండి నీరు వచ్చెడిది. మట్టి గొట్టములలో వచ్చిన ఆ నీటిని చక్రములతో అంచెలంచెలుగ పైకెత్తి, కోటలోని మందిరములకును తోటలకును అందించెడివారు. 19వ శతాబ్ది తొలి దశకమున, నిజాము మంత్రియైన మీర్ ఆలం పేర నగరమునకు చేరువలోనే మరియొక చెరువు వెలసెను. దాని కట్ట తిన్నని గోడ కాదు. ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులను ప్రక్కప్రక్కన పేర్చి, వాని వీపులను నీటివైపునకు త్రిప్పి కట్టిరి. నీటి ఒత్తిడి కమాను మీదుగా ప్రాకి ఇరుప్రక్కల స్తంభములమీదికి దిగును. అందువలన సన్నని గోడయే గొప్ప భారమును ఓర్చుచున్నది. ఆ తరువాత నూరేండ్లు నగరము ముఖ్యముగా ఈ చెరువుల మీదను, ఇంటి బావుల మీదను ఆధారపడి బ్రతికెను.

ఇక నగరము ముందర పారు మూసీ నది సంగతి. ఇది వికారాబాదు దాపున అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా పారి, దారిలో ఈసీ నదిని కలుపుకొని, నగరమధ్యమున ప్రవేశించును. సంవత్సరములో చాల భాగము మోకాలి లోతు నీటితో సాధువుగ కనబడు ఏరు ఇది. దీని పరీవాహక ప్రదేశము, నగరమునకు ఎగువన, సుమారు 860 చదరపు మైళ్ళు. అందు 788 చెరువులు ఉండెను. చదరపు మైలునకు దాదాపు ఒక చెరువు. ఒక చెరువు అలుగు పారిన నీరు దిగువ చెరువులోనికి, దాని అలుగు నీరు అంతకు దిగువదానిలోనికి చేరునట్లు మన పూర్వులు అమర్చిన గొలుసుకట్టు అది. వానచినుకును ఊరూర నిలుపుకొని పంట పండించుటకు అంతకన్న మేలైన ఏర్పాటు ఈ మెట్టభూములకు మరియొకటి లేదు. కాని గొలుసునందు ఒక బలహీనత కలదు. పైకట్ట తెగినచో క్రిందికట్ట దాని నీటిని కూడ భరింపవలసియుండును.

1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ బలహీనత బయటపడెను. శంషాబాదున ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. గొలుసులోని చెరువులలో 221 తెగిపోయెను. తెగిన ప్రతి చెరువు నీరును దిగువదానిమీద పడెను. ఆ నీరంతయు ఒక్కుమ్మడిగ నగరము మీదికి వచ్చెను. మూసీ ఒడ్డునగల పేటలు తుడిచిపెట్టుకొనిపోయెను. వంతెనలు కూలెను. సుమారు 15 వేలమంది మృతిచెందిరనియు, 80 వేలమంది నిలువ నీడ లేనివారైరనియు అంచనా. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణమునందలి ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. వరద వచ్చి నూరేండ్లు గడచిన తరువాత కూడ ఆ చెట్టు పచ్చగ నిలిచియుండెను.

మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యను పిలిపించెను. ఆయన అప్పుడే బొంబాయి ప్రభుత్వపు ఉద్యోగమునుండి విరమించి విదేశపర్యటనలో ఉండెను. 1909 లో నగరమునకు వచ్చి, కొన్ని మాసములపాటు వానలెక్కలను, చెరువుల లెక్కలను, నదీగర్భపు కొలతలను పరిశీలించెను. వరద వచ్చిన నగరము సహజముగ కోరునది ఒడ్డున ఎత్తైన గోడ. ఆయన నగరములోని ఒడ్లను బాగుచేయుమనియు చెప్పెను, మురుగునీటి ఏర్పాటును గూర్చియు చెప్పెను. కాని అసలు చికిత్స ఎగువన ఉన్నదని నిర్ణయించెను. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయములు కట్టి, వరదను అచ్చట పట్టి నిలిపి, నగరము ఓర్వగలిగినంత నీటినే మెల్లమెల్లగ క్రిందికి విడువవలెననుట ఆయన సలహా. ఆ సంవత్సరాంతముననే ఆయన మైసూరు సంస్థానమునకు ప్రధాన ఇంజనీరుగ వెడలిపోయెను. ఆయన విడిచిపోయిన ఆలోచన మాత్రము ఇచ్చటనే నిలిచి ఫలించెను.

మూసీ మీద గండిపేట వద్ద 1913 లో మొదలైన కట్ట 1920 నాటికి పూర్తియయ్యెను. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను పేర దానికి ఉస్మాన్ సాగరమని పేరిడిరి. ఈసీ మీద కట్టిన రెండవ జలాశయము 1927 లో ముగిసెను. నిజాము కుమారుని పేర అది హిమాయత్ సాగరమయ్యెను. మొదటిదానిలో సుమారు 3.9 శతకోటి ఘనపుటడుగుల నీరును, రెండవదానిలో సుమారు మూడు శతకోటి ఘనపుటడుగుల నీరును నిలుచును. వరదకై కట్టిన ఈ కట్టలను త్రాగునీటికి కూడ వినియోగించుట ఆ యోజనలోని రెండవ మేలు. గండిపేట నీరు ఆసిఫ్‌నగరులోని శుద్ధి కేంద్రమునకును, హిమాయత్ సాగరపు నీరు మీర్ ఆలం శుద్ధి కేంద్రమునకును వచ్చి, అచ్చట వడగట్టబడి నగరమున ప్రవేశించెను. గండిపేట నగరమునకన్న మెరకయందు ఉన్నది. కనుక ఆ నీరు తనంత తాను పల్లమునకు నడచి వచ్చెను. దానిని తెచ్చుటకు బొగ్గు కాల్చవలసిన పనిగాని, యంత్రము త్రిప్పవలసిన పనిగాని లేకుండెను. ముందు తరమువారు ఒకసారి ఖర్చుపెట్టిరి, తరువాతి తరములవారు దాదాపు ఊరక త్రాగిరి.

ఇచ్చట ఒక చిక్కును గమనింపవలెను. వరదను పట్టవలసిన జలాశయము వానకాలమున ఖాళీగా ఉండవలెను. దాహము తీర్పవలసిన జలాశయము వానకాలము ముగియునాటికి నిండుగా ఉండవలెను. ఈ రెండు ధర్మములును ఒకే కట్టకు అప్పగింపబడెను. జలాశయమున కొంత భాగమును త్రాగునీటికి, పైభాగమును వరదకు కేటాయించి, ఏ మాసమున నీటిమట్టము ఎచ్చట ఉండవలెనో నియమము పాటించినంతకాలము చిక్కులేదు. కాని వరద నూరేండ్లకొకసారి వచ్చును, దాహము ప్రతి వేసవియందును వచ్చును. ప్రజలకు గుర్తుండునది దాహమే. కాలక్రమమున గండిపేట త్రాగునీటి చెరువుగనే జనుల మనస్సున నిలిచెను. అది ఎందుకొరకు పుట్టెనో మరుగునపడెను.

కట్ట పూర్తియైనపుడు ఇంత నీరు నగరమునకు ఎందుకని అడిగినవానిని తప్పుపట్టుటకు వీలులేదు. 1901 లో నగర జనసంఖ్య సుమారు నాలుగున్నర లక్షలు. ప్లేగు, 1918 నాటి విషజ్వరము మొదలైన వానివలన 1921 నాటికి అది నాలుగు లక్షలకు తగ్గెను. గండిపేట నీరు సిద్ధమైన వేళ దానిని త్రాగువారు తగ్గియుండిరి. అటుపిమ్మట లెక్క తారుమారయ్యెను. 1941 నాటికి ఏడు లక్షలు దాటెను. 1951 నాటికి సుమారు పదునొకండు లక్షలయ్యెను. 1956 లో నగరము ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యెను. కార్యాలయములు, కర్మాగారములు, విద్యాలయములు వచ్చెను. 2011 నాటికి మహానగర సముదాయమున 77 లక్షలకు చేరువగ జనులుండిరి. జనసంఖ్యను ముందుగ గణించువాడు ఎంత నేర్పరియైనను ఈ తగ్గుదలను గాని ఈ పెరుగుదలను గాని ఊహింపజాలడు. కావున దీర్ఘకాలపు ఏర్పాటు చేయువాడు ఒకే సంఖ్యను నమ్ముకొనరాదు. లెక్క తప్పినపుడు ఏమిచేయవలెనో కూడ ముందే ఆలోచింపవలెను.

లెక్క తప్పినపుడు ఈ నగరము చేసినది ఒకటే: మరియొక నదికి పోవుట. 1965 లో మంజీర నీరు నగరమునకు వచ్చెను. మంజీర గోదావరికి ఉపనది. సంగారెడ్డి దాపున ఆనకట్ట కట్టి, నీటిని ఎత్తి, సుమారు అరువది కిలోమీటర్లు గొట్టములలో తెచ్చిరి. 1981 లో రెండవ దశ వచ్చెను. అటుపై ఎగువన సింగూరు జలాశయము కట్టి, 1990 తరువాతి కొలది సంవత్సరములలో మూడవ, నాలుగవ దశలు తెచ్చిరి. నాలుగు దశలును కలిపి దినమునకు 12 కోట్ల గాలన్లు.

అయితే మంజీర నీరు ఎవరికిని చెందని నీరు కాదు. సింగూరునకు దిగువన నిజాంసాగరమున్నది. నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు ఆధ్వర్యమున 1923 లో ప్రారంభమై 1931 లో పూర్తియైన ఆ ప్రాజెక్టు నిజామాబాదు సీమలో రెండుముక్కాలు లక్షల ఎకరములకు నీరిచ్చుటకై నిర్మితమైనది. ఆ నీటితో అచ్చట వరి, చెరకు పండెను, చక్కెర కర్మాగారము వెలసెను. అర్ధశతాబ్ది గడచునప్పటికి నిజాంసాగరము పూడికవలన తన మొదటి నిలువలో సగమునకన్న ఎక్కువ కోల్పోయెను. మిగిలినదానికి వచ్చు నీటిని ఎగువన సింగూరు ఆపెను. నగరమున ఒక వీధికి నల్లా వచ్చుటయు, నిజాంసాగరపు ఆయకట్టు చివరి రైతు తూము వద్ద నిలుచుండి ఎదురుచూచుటయు, ఈ రెండును ఒకే నీటి కథ. త్రాగునీటికి మొదటి స్థానము ఇయ్యవలెననుట న్యాయమే. కాని ఆ న్యాయమును అనుభవించునది నగరము, దాని మూల్యమును చెల్లించునది ఊరు. ఏర్పాటు చేయునపుడే ఆ మూల్యమును లెక్కలో వ్రాయకున్నచో, తరువాత అది తగవుగ మారి తిరిగివచ్చును.

మంజీరయు చాలలేదు. 2004 లో కృష్ణ నీరు వచ్చెను. నాగార్జునసాగరమునుండి వచ్చు నీటిని అక్కంపల్లి జలాశయమునుండి గ్రహించి, కోదండాపురమున శుద్ధిచేసి, నూరు కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తుచు తెచ్చిరి. 2008 లో రెండవ దశయు, 2015 లో మూడవ దశయు వచ్చెను. దశ ఒక్కింటికి దినమునకు తొమ్మిది కోట్ల గాలన్లు. ఆ 2015 చివరనే ఎల్లంపల్లినుండి గోదావరి నీరు 17 కోట్ల 20 లక్షల గాలన్ల కొలతతో, సుమారు 180 కిలోమీటర్ల దూరము నడిచి నగరము చేరెను. ఇవి ఆలస్యమైయుండినచో నగరము గతియేమయ్యెడిదో మరుసటి వేసవియే చూపెను. 2016 లో ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము, మంజీర, సింగూరు, నాలుగును ఎండిపోయెను. కృష్ణాగోదావరులే నగరమును నిలిపెను. కావున దూరపు నదులకు పోవుట తప్పని చెప్పుటకు వీలులేదు. కాని గండిపేట నీటికిని ఈ నీటికిని గల భేదమును మరువరాదు. అది పల్లమునకు నడచి వచ్చిన నీరు. ఇది ప్రతి దినమును, ప్రతి గడియను విద్యుచ్ఛక్తితో మెరకకు ఎత్తవలసిన నీరు. దాని ఖర్చు కట్ట కట్టిననాడు ముగియదు. నగరము ఉన్నంతకాలము సాగుచుండును.

మరి దాపుననున్న రెండు సాగరములు ఏమయ్యెను? జలాశయమనగా కట్ట మాత్రమే కాదు, దానికి నీరు తెచ్చు నేల కూడ. ఎగువ గ్రామములలో బోరుబావులు పెరిగెను. వాగులమీద చిన్న అడ్డుకట్టలు వచ్చెను. ఇసుక తరలిపోయెను. నగరము పడమటికి ప్రాకి, కాలువల మీదను వాగుల గట్టుల మీదను ఇండ్లు లేచెను. వాన కురిసినను నీరు సాగరమునకు చేరుట తగ్గెను. ఈ ప్రమాదమును గుర్తించి 1996 మార్చిలో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువును జారీచేసెను. జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల లోపలగల 84 గ్రామములలో, సుమారు 1 లక్ష 32 వేల ఎకరముల నేలమీద, కర్మాగారములను, పెద్ద కట్టడములను నిషేధించెను. ఆ రోజులలోనే సాగరముల దాపున ఒక నూనె కర్మాగారము స్థాపింపబూనగా, ఆ వివాదము సుప్రీము కోర్టువరకు పోయెను. హాని జరిగిన తరువాత నిరూపించుటకన్న హాని కలుగకుండ ముందు జాగ్రత్త వహించుట మేలను సూత్రమును ఆ న్యాయస్థానము ఈ రెండు సాగరముల విషయమున గట్టిగ చెప్పెను.

84 గ్రామములవారి మాటయు వినవలసినదే. రోడ్డునకు ఆవలివైపున నేల ధర ఆకాశమునంటుచుండగా, ఈవలివైపున తమ పొలము పొలముగనే ఉండవలసివచ్చుటను వారు చాల ఏండ్లు ఆక్షేపించిరి. నగరము దాహముకొరకు మేము ఎందులకు నష్టపడవలెనని వారడిగిన ప్రశ్న, నిజాంసాగరపు రైతు ప్రశ్నకు తోబుట్టువు. వారికి ప్రత్యుపకారము చేయు ఏర్పాటేదియు ఆ ఉత్తరువున లేకుండెను. తుదకు 2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ఆ నిషేధములను సడలించుచు మరియొక ఉత్తరువు నిచ్చెను. 1996 లో నగరపు నీటిలో నాలుగవవంతునకు పైగా ఈ సాగరములనుండి వచ్చెడిదనియు, ఇప్పుడు నగరమునకు దినమునకు 60 కోట్ల గాలన్లు రాగా అందులో వీని భాగము నూటికి ఒకటింబావు కన్న తక్కువయనియు అందుకు కారణము చూపిరి. సాగరముల నీరు చెడకుండ చూడవలెననియు చెప్పిరి.

ఆ లెక్క త్రాగునీటి లెక్కగ సరియైనదే. కాని అది త్రాగునీటి లెక్క మాత్రమే. ఈ కట్టలు మొదట పుట్టినది దాహమునకు కాదు, వరదకు. ఎగువ నేల పొలముగ ఉన్నంతకాలము వానలో కొంత ఇంకును, కొంత నిలుచును, మిగిలినది నెమ్మదిగ వచ్చును. ఆ నేలమీద సిమెంటు పరచినచో వాన అంతయు ఒక్కసారిగ కట్టమీదికి వచ్చును. 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి నగరపు పేటలు మునిగినపుడు హిమాయత్ సాగరపు తలుపులు ఎత్తవలసివచ్చెను. అంతకు నూటపండ్రెండు ఏండ్ల క్రిందట ఏమి జరిగెనో అది మరల గుర్తుచేసెను. ఒక జలాశయము నగరపు నీటిలో ఎంత శాతమిచ్చుచున్నదని అడుగువారు, అది లేకున్నచో నగరమున ఎన్ని పేటలు మునుగునని కూడ అడుగవలెను.

ఇంకొక లెక్క మిగిలియున్నది. నగరము త్రాగిన, వాడిన నీరంతయు ఎచ్చటికో పోవలెను. అది మూసీలోనికి పోవుచున్నది. మూసీ నల్లగొండ సీమ దాటి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. దానికి ఎగువన నాగార్జునసాగరమునుండి నగరము మంచినీరు తెచ్చుకొనుచున్నది. తెచ్చుకొనునది నిర్మలజలము, తిరిగి ఇచ్చునది మురుగు. నడుమనుండు గ్రామములవారు ఆ మురుగుతో పొలములు పండించుకొనుచు వచ్చిరి. నీటి సరఫరా నల్లావద్ద ముగియునని తలచినంతకాలము ఈ లెక్క తేలదు. విశ్వేశ్వరయ్య వరదను గూర్చి అడుగగా మురుగును గూర్చియు సలహా చెప్పుటలోని మర్మమిదియే.

నూరేండ్లకు పైబడిన ఈ చరిత్రలో నగరము ప్రతి తరమునను ఇంకను దూరమునకు పోయినది. మొదట పదిహేను కిలోమీటర్లు, పిదప అరువది, ఆ పిదప నూరు, ఆ పిదప నూటయెనుబది. ప్రతి పర్యాయమును కొత్త గొట్టము వచ్చినంతనే దాపునున్న చెరువు విలువ జనుల దృష్టిలో తగ్గెను. ముందుచూపు అనునది కొత్త నదిని వెదకుటలో మాత్రమే లేదు. ఉన్న చెరువు ఎగువ నేలను కాపాడుటలో, కాపాడినవారికి నష్టము కలుగకుండ చూచుటలో, ఎవరి వాటా తెచ్చుకొంటిమో వారిని మరువకుండుటలో కూడ ఉన్నది. వీనిలో మొదటిదానికి ధనము చాలును. తక్కినవానికి ధనముతోబాటు ధర్మబుద్ధియు కావలెను.

వానకాలమున గండిపేట నీటిమట్టము ఎంతవరకు వచ్చినదో నగరవాసులు నేటికిని ఆసక్తితో తెలిసికొందురు. నిండుమట్టము 1,790 అడుగులు. ఆ సంఖ్యను చూచి వేసవికి నీరు చాలునా యని లెక్కించుట అలవాటు. ఇకమీద ఆ సంఖ్యనే రెండవసారి కూడ చూచి, ఈ రాత్రి శంషాబాదున పదమూడు అంగుళముల వాన కురిసినచో దానిని పట్టుటకు చోటు ఎంత మిగిలియున్నదో కూడ లెక్కించుట మంచిది.